మన ఊరి పేజీ ఎవరు దిద్దాలి?

తెలుగు వికీపీడియాలో 'ఆత్మకూరు' అని కొట్టి చూడండి. మన నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఒక్కటే రాదు. నంద్యాల జిల్లాలో ఒక ఆత్మకూరు, అనంతపురం జిల్లాలో ఒకటి, తెలంగాణకు పోతే వనపర్తి జిల్లాలో ఒకటి, సూర్యాపేట జిల్లాలో ఇంకొకటి వరసగా కనిపిస్తాయి. మన ఉదయగిరి సంగతీ అంతే. ఒడిశాలో ఉదయగిరి గుహలున్నాయి, మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర మరో ఉదయగిరి ఉంది. ఒకే పేరున్న వాటిని విడదీసి, ఏది ఎక్కడిదో చూపించే ఇలాంటి పేజీని వికీపీడియాలో 'అయోమయ నివృత్తి' పేజీ అంటారు. దాన్ని ఎవరో ఒక మనిషి తీరిక చేసుకుని, జీతం భత్యం లేకుండా రాసి పెట్టాడు. అతనెవరో మనకు తెలియదు. అతను చేసిన మేలు మాత్రం ఆ పేరు వెతికిన ప్రతివాడికీ అందుతోంది.

నేను ఉద్యోగమంతా సర్వే శాఖలో చేసి వింజమూరులో స్థిరపడినవాణ్ణి. నేను గొలుసు పట్టించి కొలిచిన పొలాలు ఎక్కువగా ఈ మెట్ట ప్రాంతంలోవే. రిటైరయ్యాక కాలక్షేపానికి ఫోనులో మా మండలం ఊళ్ళ పేజీలు చదవడం మొదలుపెట్టాను, చదువుతూ దిద్దడం మొదలైంది. ఇప్పుడది నాకు ఉద్యోగమంత ముఖ్యమైన పని. దీని గురించి మా వాళ్ళకు తెలిసింది చాలా తక్కువ కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వికీపీడియా అంటే ఏదో అమెరికా కంపెనీ పండితులను పెట్టి రాయించిన పుస్తకం అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2001 జనవరి 15న జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ దాన్ని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. సర్వర్లను నడిపేది వికీమీడియా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ, అదీ విరాళాలతో. రాత మాత్రం చదివేవాళ్ళదే. తెలుగులో ఇది 2003 డిసెంబరు 10న మొదలైంది. మొదలుపెట్టినవారు వెన్న నాగార్జున. 'పద్మ' అనే లిపి మార్పిడి ఉపకరణాన్ని తయారుచేసింది కూడా ఆయనే. ఆ రోజుల్లో కంప్యూటరులో తెలుగు కొట్టడమే పెద్ద తంటా. 2006లో వీవెన్ అనే ఆయన 'లేఖిని' అనే ఉపకరణం తెచ్చాక ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయడం మామూలు మనిషికి చేతనైంది. ఇవాళ తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి.

తమ భాషలో విజ్ఞాన సర్వస్వం ఉండాలన్న ఆశ తెలుగువాళ్ళకు ఇప్పటిది కాదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు నూరేళ్ళ కిందటే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు వెలువడ్డా పని పూర్తి కాలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. అంత పని ఒకరిద్దరు పండితుల ఆయుష్షులో తెమిలేది కాదు. ఇప్పుడు అదే పనిని వేలమంది తలా ఒక వాక్యం చొప్పున చెయ్యవచ్చు. తెలుగు వికీపీడియా వాళ్ళు బాగా కృషి చేసినవారికి ఆయన పేరుతోనే పురస్కారం ఇచ్చారు. అది నాకు ఎంతో సబబుగా తోచింది.

ఇక ఊళ్ళ పేజీలకు వస్తాను, నా మనసంతా అక్కడే ఉంది. మన రాష్ట్రంలోని గ్రామాలకు పేజీలు ఒకటొకటిగా పుట్టలేదు. బాట్ అనే చిన్న ప్రోగ్రాముతో పెద్ద ఎత్తున తయారుచేశారు. తరవాత 2011 జనగణన లెక్కల్ని అలాగే చేర్చారు. అందుకే ఏ ఊరి పేజీ తెరిచినా వాక్యాలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి: జనాభా ఇంత, బడులు ఇన్ని, తాగునీరు ఇలా, భూమి వినియోగం ఇలా. ఇది తప్పని నేను అనను. ఖాళీ కంటే ఇది వెయ్యి రెట్లు నయం. కానీ ఆ లెక్కలు 2011వి. ఆ తరవాత జనగణన జరగనేలేదు. ఈ మధ్యలో ఊళ్ళు ఎంత మారాయో మనకు తెలుసు, పేజీకి తెలియదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు ఎన్ని ఊళ్ళ పేజీల్లో జిల్లా పేరు మార్చాల్సి వచ్చిందో ఆలోచించండి. నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గాన్ని మా మెట్ట మీదుగా వేస్తున్నారు. బండి తిరిగిన రోజున రైలు సౌకర్యం గురించిన వాక్యం కూడా ఎవరో ఒకరు మార్చాలి.

ఇంకో చిక్కు ఉంది. జనగణన జాబితా రెవెన్యూ గ్రామాలది. మజరా పల్లెలు దాంట్లో ఉండవు. వంద గడపల పల్లె ఉండి, బడి, గుడి, చెరువు అన్నీ ఉన్నా అది పక్క రెవెన్యూ గ్రామం లెక్కలో కలిసిపోతుంది. ఆ పల్లె కుర్రవాళ్ళు వెతికితే వాళ్ళ ఊరే కనపడదు. పైగా జాబితా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే మా మండలంలోని ఊటుకూరు లాంటి పేరులో మొదటి అచ్చు దీర్ఘమో హ్రస్వమో, తరవాతిది 'ట'నో 'త'నో ఎక్కడో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? ఆ ఊరి మనిషే చెప్పాలి.

చెప్పడం ఎలా అన్నది అసలు విషయం. మా వీధిలో డిగ్రీ చదివే కుర్రాడొకడు తన ఊరి పేజీలో నాలుగు వాక్యాలు రాశాడు: ఊరి జనం మంచివాళ్ళు, అతిథి మర్యాదలకు పెట్టింది పేరు, ఫలానా నాయకుడు ఊరిని బంగారం చేశాడు. సాయంత్రానికల్లా ఎవరో తీసేశారు. ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏంది సార్ ఇది? మా ఊరి గురించి మాకంటే వాళ్ళకెక్కువ తెలుసా?"

"తెలియదబ్బాయ్. అందుకే నీకు ఎట్టా తెలిసిందో అడుగుతున్నారు" అన్నాను.

పేజీ పైన 'చరిత్ర' అనే మాట ఉంటుంది. దాన్ని నొక్కి చూపించాను. ఆ పేజీ పుట్టిన రోజు నుంచి ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో మొత్తం అందులో ఉంటుంది. తీసేసిన వాక్యాలు కూడా అక్కడే భద్రంగా ఉన్నాయి. తీసేసినవాడు 'దిద్దుబాటు సారాంశం'లో కారణం కూడా రాశాడు: మూలం లేదు, పొగడ్త. మా కుర్రాడికి అప్పటికి కోపం తగ్గింది. ఇద్దరం కూర్చుని, ఊరి హైస్కూలు గురించి జిల్లా పత్రికలో పడిన వార్తను వెతికి, ఒక్క వాక్యం రాసి, ఏ పత్రిక, ఏ తేదీ అన్నది కింద చేర్చాం. ఆ వాక్యాన్ని ఎవరూ తియ్యలేదు.

ఈ 'మూలం' పట్టుదలను చూసి చాలామంది విసుక్కుంటారు. నాకు మాత్రం ఇది కొత్తగా అనిపించలేదు. గట్టు తగాదాలో 'మా తాత చెప్పాడు' అంటే సర్వేయరు రాళ్ళు పాతడు, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) తీసి కొలుస్తాడు. తాత చెప్పింది నిజమే కావచ్చు. అయినా పక్క పొలంవాడికీ ఒక తాత ఉంటాడు.

ఈ నియమం వల్ల మా ప్రాంతానికి నష్టం ఉన్నమాట నిజం. కోస్తా డెల్టా ఊళ్ళ గురించి పుస్తకాలున్నాయి, ఆత్మకథలున్నాయి. మెట్ట ఊళ్ళ గురించి అచ్చయింది తక్కువ. ముసలివాళ్ళ నోట్లో ఉన్న చరిత్ర వికీపీడియాకు పనికిరాదు. ఇది నాకు బాధ కలిగించే సంగతి. దీనికి మందు నియమాన్ని సడలించడంలో లేదు, ముందు ఆ చరిత్రను ఎక్కడో ఒకచోట అచ్చు వేయించడంలో ఉంది. బడి సంచికలో వేయండి, పత్రికకు రాయండి, ఊరి చరిత్ర పుస్తకం తీసుకురండి. వికీపీడియా ఆ తరవాతి మెట్టు.

అచ్చయిన వాటిని కూడా మనం చూడటం లేదు. ఉదయగిరి దుర్గాన్నే తీసుకోండి. దాన్ని కట్టించింది కృష్ణదేవరాయలే అని మా వైపు సభల్లో గట్టిగా చెబుతుంటారు. రాయలు ఆ కోటను కట్టలేదు, పట్టాడు. కోట అప్పటికి గజపతుల చేతిలో ఉంది. దీర్ఘకాలం ముట్టడించి 1514లో సాధించుకున్నాడు. కోటలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, దానికోసం గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపీలో కృష్ణాలయం అదే. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. వీటికి ఆధారం శాసనాలు. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. మన తాలూకాల గుళ్ళలో, పొలాల్లో ఉన్న రాళ్ళ మీది రాత ఊరూరికీ అందులో ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవొచ్చు. ఓపిక ఉన్న కుర్రాడు ఆ ఒక్క పుస్తకం దగ్గర పెట్టుకుంటే మా పల్లెల పేజీలు ఎన్నో నిండుతాయి.

పొట్టి శ్రీరాములు గారి విషయమూ ఇలాంటిదే. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు కాబట్టి నెల్లూరులో పుట్టారనుకుంటారు. ఆయన పుట్టింది 1901లో మద్రాసులో. పూర్వీకులది కనిగిరి ప్రాంతం. అప్పట్లో కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అటు వెళ్ళింది. ఇలాంటి చోట 'తప్పు' అని కొట్టేసి పోకుండా, ఈ పూర్వీకుల సంగతి కూడా రాసి మూలం చూపిస్తే మళ్ళీ ఎవరూ పాత మాట తెచ్చి పెట్టరు.

అభిప్రాయం తేడా వస్తే మాటిమాటికీ ఒకరు రాసింది ఒకరు కొట్టేసుకోకూడదు. ప్రతి వ్యాసానికీ పక్కన 'చర్చ' పేజీ ఉంటుంది. మర్యాదగా అక్కడ రాసి, నాలుగు రోజులు ఆగాలి. అందరికీ సంబంధించిన సంగతులకు 'రచ్చబండ' ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళకు నా నమస్కారం.

యంత్రం చేత అనువాదం చేయించి దించేయడం మాత్రం వద్దు. 2009 ప్రాంతంలో గూగుల్ చేపట్టిన అనువాద ప్రాజెక్టు వల్ల తెలుగులో చాలా వ్యాసాలు వచ్చి పడ్డాయి. వాటిలో వాక్యాలు తెలుగులా నడవలేదు. వాటిని బాగుచెయ్యలేక స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ళ తరబడి అవస్థ పడ్డారు. ఇప్పుడు ఫోనులో అడిగితే జవాబు చెప్పే కృత్రిమ మేధ వికీపీడియాను కూడా చదివి నేర్చుకుంటోంది. అక్కడ మనం వదిలేసిన తప్పు రేపు దాని నోట కూడా వస్తుంది. విలేకరులు కూడా అక్కడినుంచే ఎత్తి రాస్తారు. తరవాత ఆ వార్తే ఆ తప్పుకు మూలంగా కూర్చుంటుంది. అప్పుడు దాన్ని పీకడం మహా కష్టం.

రాయడం రాదనుకునేవాళ్ళు ఫొటోలు ఇవ్వండి. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వాటిని చెక్కేవారి అనుమతితో ఆ పనిని ఫొటో తీసి వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు. మీరు తీసిన ఫొటో మాత్రమే పెట్టాలి, పేపరులోదీ వాట్సాప్‌లో వచ్చిందీ కాదు. పెట్టాక దాన్ని మీ పేరు చెప్పి ఎవరైనా, వ్యాపారానికి సైతం, వాడుకోవచ్చు. ఆ షరతుకు ఇష్టపడితేనే పెట్టండి.

వింజమూరు, కలిగిరి, దుత్తలూరు, కొండాపురం, వరికుంటపాడు, సీతారామపురం మండలాల వాళ్ళకు నా విన్నపం ఇది. మీ ఊరి పేజీ తెరవండి. ఊరి పేరు సరిగ్గా ఉందా, మండలం, జిల్లా సరేనా, మజరాల పేర్లు ఉన్నాయా చూడండి. తప్పుంటే పక్కనున్న పెన్సిలు గుర్తు నొక్కి దిద్దండి, ఎక్కడ అచ్చయిందో కింద చూపండి. ఖాతా లేకపోయినా దిద్దొచ్చు గానీ తెరుచుకోవడం మంచిది, మీతో మాట్లాడాలనుకునేవాళ్ళకు వీలవుతుంది. ఆధారం చేతిలో లేకపోతే చర్చ పేజీలో ఒక ముక్క రాసి పెట్టండి, ఆధారం ఉన్నవాళ్ళు చూసి దిద్దుతారు.