బిడ్డ ఈడుకు తగిన ఊరు

ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లే తెలుగు కుటుంబాల్లో ఏ దేశానికి వెళ్లాలి, అక్కడ ఏ ఊళ్లో కాపురం పెట్టాలి అన్న నిర్ణయం చాలావరకు జీతాన్ని బట్టి, వీసా దొరికే తీరును బట్టి, ముందే వెళ్లి స్థిరపడిన బంధువుల మాటను బట్టి జరిగిపోతుంది. భార్యాభర్తలిద్దరే అయినప్పుడు ఈ లెక్క సరిపోతుంది. ఊరు నచ్చకపోతే ఏడాది తిరక్కుండానే మారవచ్చు, జరిగిన పొరపాటు కొంత డబ్బుతో తీరిపోతుంది. వెంట బిడ్డ ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క చాలదు, ఎందుకంటే ప్రతి దేశమూ పిల్లలకు ఫలానా వయసులో దాటవలసిన గడపలను చట్టాల్లోనూ బడుల్లోనూ ఏర్పరచుకుంది. జర్మనీలో అది పదేళ్ల వయసు, అమెరికాలో ఇరవై ఒకటో పుట్టినరోజు, సొంత రాష్ట్రానికి తిరిగి వచ్చేవారికి తొమ్మిదో తరగతి. ప్రయాణం నాటికి బిడ్డకు ఎన్నేళ్లు, అక్కడి నుంచి ఏ గడప ఎంత దూరంలో ఉంది అన్న లెక్క జీతం లెక్క కంటే ముందు వేసుకోవలసినది.

అమెరికా సంగతి తెలుగువారికి ఎక్కువ పరిచయం కనుక అక్కడితో మొదలుపెట్టవచ్చు. హెచ్-1బి వీసా మీద పనిచేసే ఉద్యోగి పిల్లలకు హెచ్-4 అనే డిపెండెంట్ వీసా ఇస్తారు; అది తల్లి లేదా తండ్రి వీసాను అంటిపెట్టుకుని ఉంటుంది, పిల్లలకు 21 ఏళ్లు నిండగానే ముగిసిపోతుంది. శాశ్వత నివాసానికి అనుమతినిచ్చే గ్రీన్ కార్డు ఆలోగా చేతికి వస్తే ఇబ్బంది లేదు. అయితే ఉద్యోగాల ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000 మాత్రమే, ఉద్యోగుల భార్యాపిల్లలు కూడా ఆ సంఖ్యలోకే వస్తారు, పైగా ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి దక్కకూడదన్న పరిమితి ఉంది. ఈ కారణంగా భారతదేశంలో పుట్టిన దరఖాస్తుదారుల వరుస ఏళ్ల తరబడి సాగి, అందులో నిలబడిన తల్లిదండ్రుల పిల్లలు కార్డు రాకముందే ఇరవై ఒకటో పుట్టినరోజు దాటుతున్నారు. దీన్నే అక్కడివారు ఏజింగ్ అవుట్ అంటారు. 2002లో వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ గ్రీన్ కార్డు పిటిషన్ పరిశీలనకు పట్టిన కాలాన్ని బిడ్డ వయసులోంచి తీసివేయడానికి వీలు కల్పించింది కానీ, వరుసలో నిరీక్షించిన ఏళ్లను తీసివేయడానికి ఒప్పుకోలేదు.

మూడేళ్ల బిడ్డతో వెళ్లే కుటుంబానికి పద్దెనిమిదేళ్ల వ్యవధి ఉంటుంది, పన్నెండేళ్ల బిడ్డతో వెళ్లేవారికి తొమ్మిదేళ్లే ఉంటుంది. గడువు దాటిన పిల్లలు విద్యార్థి వీసాకు మారాలి, లేదా మరొక దారి వెతుక్కోవాలి, ఏదీ కుదరకపోతే పెరిగిన ఊరు విడిచి వెళ్లాలి. హైదరాబాదులో పుట్టిన అక్క, అమెరికాలో పుట్టి పౌరసత్వం పొందిన తమ్ముడు ఒకే బల్ల దగ్గర కూర్చుని చదువుకుంటున్నా, కళాశాల దరఖాస్తు నింపే రోజున ఇద్దరి దారులూ వేరవుతాయి. ఎల్‌కేజీ ఈడులో వెళ్లి, ఆ దేశం తప్ప మరొకటి ఎరగని పిల్లలకు ఇది తీరని అన్యాయం. తల్లిదండ్రులు బయలుదేరేటప్పుడు ఈ సంగతి వారికి వివరించి చెప్పేవారు లేకపోవడం ఇంకా బాధాకరం.

మిగతా దేశాల్లో ఈ గడపలు వేరే చోట్ల ఉన్నాయి. కెనడాలో 22 ఏళ్లలోపు అవివాహిత సంతానాన్ని ఆధారితులుగా లెక్కిస్తారు. శాశ్వత నివాసం మంజూరైనప్పుడు వెంట వెళ్లే కుటుంబమంతటికీ అది వర్తిస్తుంది కనుక, తర్వాత బిడ్డ ఒక్కరే వరుసలో మిగిలిపోయే ప్రమాదం తక్కువ. జర్మనీలో ఉన్నత నైపుణ్యం గల ఉద్యోగులకు ఇచ్చే ఈయూ బ్లూ కార్డు ఉన్నవారు 27 నెలల తర్వాత, జర్మన్ భాష మధ్యస్థాయిలో వస్తే 21 నెలలకే, శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆస్ట్రేలియా గడ్డపై పుట్టి, పదో పుట్టినరోజు దాకా అక్కడే నివసించిన బిడ్డకు తల్లిదండ్రుల వీసా ఏదైనా పౌరసత్వం చట్టప్రకారం దానంతట అదే వస్తుంది. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు చేసేవారు, కొన్ని ప్రభుత్వ ఉపకార వేతనాలు పొందేవారు తప్ప తక్కిన విదేశీ విద్యార్థులు భార్యాపిల్లలను తీసుకువెళ్లే వీలు లేకుండా పోయింది, అదే ఏడాది మార్చి నుంచి కొత్తగా వెళ్లే కేర్ వర్కర్లకూ ఆ అవకాశం తీసివేశారు. తీసుకువెళ్లే అర్హత ఉన్నవారిలో కూడా చాలామంది ఆరోగ్య సేవల కోసం బిడ్డకు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున వీసా కాలమంతటికీ ముందుగానే కట్టాలి. ఇక గల్ఫ్ విషయానికొస్తే, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో కలిపి 3,000 దిర్హాముల జీతం ఉండాలి. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి కూలి పనికి వెళ్లిన ఎందరో తండ్రులకు బిడ్డతో ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వేసుకునే అవకాశమే రాలేదు.

కాగితాల సంగతి తేలిన తర్వాత వచ్చేది బడి. ఈ విషయంలో జర్మనీని కొంచెం వివరంగా చూడవలసి ఉంది, ఎందుకంటే ఇటీవల అటు వెళ్తున్న తెలుగు ఇంజినీర్ల కుటుంబాలకు ప్రభుత్వ బడుల్లో ఫీజు లేదన్న మాట తెలిసినంతగా, ఆ బడులు పిల్లలను ఏ వయసులో వేరుచేస్తాయన్నది తెలియదు. అక్కడ ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు 1 నుంచి ఉంది, అయినా పెద్ద నగరాల్లో ఆ చోటు దొరకడం కష్టమే. ఆరేళ్లకు గ్రుండ్‌షూలె అనే ప్రాథమిక పాఠశాల మొదలవుతుంది, చాలా రాష్ట్రాల్లో అది నాలుగేళ్లతో ముగుస్తుంది. ఆ తర్వాత విశ్వవిద్యాలయానికి దారితీసే గిమ్నాజియం ఒకవైపు, వృత్తి శిక్షణ వైపు నడిపే రెయాల్‌షూలె వంటివి మరొకవైపు చీలిపోతాయి. బవేరియా రాష్ట్రంలో గిమ్నాజియంలో నేరుగా చేరాలంటే సాధారణంగా నాలుగో తరగతిలో జర్మన్, గణితం, పరిసరాల విజ్ఞానం అనే మూడు పాఠ్యాంశాల సగటు గ్రేడు 2.33 గానీ అంతకంటే మెరుగ్గా గానీ ఉండాలి. అక్కడ ఒకటి అత్యుత్తమం, ఆరు అధమం.

తొమ్మిదేళ్ల బిడ్డతో ఆ రాష్ట్రంలోని మ్యూనిక్‌లో దిగిన కుటుంబం దృష్టితో ఈ నియమాన్ని చూస్తే సమస్య అర్థమవుతుంది. అప్పటిదాకా ఒక్క జర్మన్ మాట వినని బిడ్డ ఏడాది తిరిగేలోగా ఆ భాషలోనే గ్రేడు తెచ్చుకోవాలి. అదే కుటుంబం బెర్లిన్‌లో దిగితే, అక్కడా పక్కనున్న బ్రాండెన్‌బుర్గ్‌లోనూ ప్రాథమిక విద్య ఆరేళ్లు కనుక, బిడ్డకు మరో రెండేళ్లు దొరుకుతాయి. తర్వాత బడి మారే మార్గాలు లేకపోలేదు, అన్ని రకాల పిల్లలూ కలిసి చదివే ఉమ్మడి పాఠశాలలు కూడా చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. అయినా పదేళ్ల వయసులో ఒకవైపు వెళ్లిన బిడ్డను మళ్లీ రెండో వైపుకు తేవడం తల్లిదండ్రుల నుంచి ఎంతో ఓపికను, భాషాజ్ఞానాన్ని కోరుతుంది. ఒకే దేశం, ఒకే బ్లూ కార్డు, దాదాపు ఒకే జీతం అయినప్పుడు ఈ రెండేళ్ల తేడాయే ఊరును నిర్ణయించాలి.

రెండేళ్లు ఎందుకంత విలువైనవో పరిశోధన చెబుతుంది. కెనడాలోని టొరంటోలో పనిచేసిన విద్యావేత్త జిమ్ కమిన్స్ వలస పిల్లల భాషను రెండుగా విడదీశాడు: ఆటస్థలంలో, బస్సులో, తోటిపిల్లలతో మాట్లాడే భాష ఒకటి, పాఠ్యపుస్తకం చదివి కారణాలు వివరించి రాయడానికి కావలసిన భాష మరొకటి. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది, రెండోదానిలో స్థానిక పిల్లలను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. బిడ్డ గలగలా మాట్లాడుతుంటే భాష వచ్చేసిందని మురిసిపోయే తల్లిదండ్రులు, సైన్సు పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు తెలివి తగ్గిందనో శ్రద్ధ తగ్గిందనో పొరబడి దండించడం ఈ తేడా తెలియకనే. ఐదేళ్ల బిడ్డకు ఏ భాషైనా ఫరవాలేదు; పదమూడేళ్ల బిడ్డను కొత్త భాష నడిచే దేశానికి తీసుకువెళ్లడం మాత్రం మళ్లీ మళ్లీ ఆలోచించి చేయవలసిన పని, అక్కడ ఆంగ్ల మాధ్యమ అంతర్జాతీయ పాఠశాల ఫీజు భరించే శక్తి ఉంటే తప్ప.

భాష దేశాన్ని బట్టే మారుతుందనుకోవడం కూడా పొరపాటు. కెనడా రాజధాని ఒట్టావా ఒంటారియో రాష్ట్రంలో ఉంది, నదికి ఆవలి ఒడ్డున ఉన్న గాటినో క్వెబెక్ రాష్ట్రంలో ఉంది. 1977లో వచ్చిన ఫ్రెంచి భాషా శాసనం ప్రకారం క్వెబెక్‌లో స్థిరపడే వలస కుటుంబాల పిల్లలు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ప్రభుత్వ బడుల్లో ఫ్రెంచిలోనే చదవాలి. అద్దె తక్కువని వంతెన దాటి ఇల్లు తీసుకున్న కుటుంబం, తెలియకుండానే బిడ్డ చదువుకు భాషను కూడా ఎంచుకున్నట్టవుతుంది. ఫ్రెంచి రావడం చిన్న బిడ్డకు జీవితకాలపు లాభమే, కావాలని తెలిసి ఎంచుకుంటే.

అమెరికాలో ఇంటి చిరునామాయే బడిని నిర్ణయిస్తుంది. ప్రభుత్వ పాఠశాలలను స్కూల్ డిస్ట్రిక్ట్ అనే స్వతంత్ర పరిపాలనా విభాగాలు నడుపుతాయి, వాటి ఆదాయంలో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఆస్తిపన్నుల నుంచి వస్తుంది, అందువల్ల ఖరీదైన ఇళ్లున్న చోట బడికీ సౌకర్యాలు ఎక్కువ. తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించే టెక్సస్‌లోని ఫ్రిస్కో నగరాన్నే తీసుకుంటే, నగరం ఒక్కటే అయినా అందులోని ఇళ్లు ఫ్రిస్కో, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్ అనే నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల కిందికి వస్తాయి. కనుక కవరు మీద రాసే ఊరి పేరు చాలదు. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఆ ఇంటి నంబరును డిస్ట్రిక్ట్ పటంలో సరిచూసుకోవాలి. బడులకు పదికి ఇన్ని అని ఇచ్చే రేటింగులను తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా నమ్ముతారు కానీ, అవి ప్రధానంగా పరీక్షల మార్కుల మీద ఆధారపడతాయి, మార్కులు చాలామటుకు ఆ పేటలోని కుటుంబాల చదువునూ సంపదనూ చూపుతాయి. కొత్తగా వచ్చిన బిడ్డకు ఇంగ్లీషు విడిగా నేర్పే టీచరు ఆ బడిలో ఉన్నారా, తరగతిలో ఎంతమంది ఉంటారు, బడి నుంచి ఇంటికి బస్సు వస్తుందా అన్న ప్రశ్నలు ఆ రేటింగు కంటే ఎక్కువ పనికొస్తాయి. ఇంగ్లండులోనూ చాలా బడులు ఇంటి నుంచి ఉన్న దూరాన్ని కొలిచి చేర్చుకుంటాయి, ప్రాథమిక తరగతికి జనవరి 15లోగా, మాధ్యమిక తరగతికి అక్టోబరు 31లోగా దరఖాస్తు అందాలి. ఏడాది మధ్యలో వచ్చినవారికి ఖాళీ ఉన్న చోటే దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ వంటి రాష్ట్రాలు తాత్కాలిక వీసాదారుల పిల్లలకు ప్రభుత్వ బడిలో కూడా ఫీజు వసూలు చేస్తాయి.

వైకల్యం గానీ దీర్ఘకాలిక అనారోగ్యం గానీ ఉన్న బిడ్డ విషయంలో దేశం ఎంపికే మొదటి ప్రశ్న. ఆస్ట్రేలియా వలస నిబంధనలు బిడ్డ చికిత్సకు, సంరక్షణకు ప్రభుత్వానికి అయ్యే ఖర్చును అంచనా వేసి, అది నిర్ణీత పరిమితి దాటితే సాధారణంగా కుటుంబం మొత్తానికి శాశ్వత నివాసం నిరాకరిస్తాయి, మినహాయింపు కోరే వీలు కొన్ని వీసాలకే ఉంది. కెనడా 2018లో తన పరిమితిని మూడు రెట్లు పెంచి, ప్రత్యేక విద్యకయ్యే ఖర్చును ఆ లెక్కలోంచి తొలగించింది. ఆటిజం ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు ఈ ఒక్క వాక్యం ఎన్నో జీతాల పోలికల కంటే విలువైనది.

ఇక్కడి కాగితాలను అక్కడి బడి ఎలా చదువుతుందన్నది కూడా బయలుదేరేముందే చూసుకోవాలి. మన ప్రభుత్వ టీకా కార్యక్రమంలో తట్టు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకాలో గవదబిళ్లల మందు ఉండదు. అమెరికా బడులు సాధారణంగా ఆ మూడూ కలిసిన టీకా రెండు మోతాదులు, ఆటలమ్మ టీకా పడినట్టు రుజువు అడుగుతాయి. పుట్టగానే వేసే బీసీజీ వల్ల క్షయ చర్మ పరీక్షలో బిడ్డకు లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు, రక్తపరీక్ష కోరితే ఆ చిక్కు ఉండదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంతపేరు రెండూ ఒకే గడిలో పడితే అమెరికా వీసా మీద బిడ్డ అసలు పేరు ఉండవలసిన చోట పేరు తెలియదని సూచించే ఎఫ్‌ఎన్‌యూ అనే అక్షరాలు వచ్చి చేరతాయి, బడి హాజరు పట్టీలోకీ అవే ఎక్కుతాయి.

తిరిగి వచ్చే ఉద్దేశం ఉన్నవారికి గడప మరొకటుంది. గల్ఫ్‌లో సీబీఎస్‌ఈ బడులు ఉండడం వల్ల తరగతి నష్టపోకుండా ఇంటికి రావచ్చు. అయితే రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వెలువడిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కాలం నుంచి, తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్, వైద్యం వంటి కోర్సుల్లో స్థానిక అభ్యర్థిగా నిలవడానికి ప్రధాన మార్గం అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండడమే. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం నుంచి వెనక్కు లెక్కిస్తే ఆ నాలుగేళ్లు తొమ్మిదో తరగతి దగ్గర మొదలవుతాయి. అందుకే ఎనిమిదో తరగతి పరీక్షలు ముగియగానే తల్లీ బిడ్డా హైదరాబాదుకో విజయవాడకో వచ్చి అద్దె ఇంట్లో దిగి, తండ్రి గల్ఫ్‌లోనే గది తీసుకుని ఉండిపోయే కుటుంబాలు కనిపిస్తాయి, ఆ నాలుగేళ్లూ వారికి ఇల్లంటే రాత్రిపూట వచ్చే వీడియో కాలే.