వంటలక్క నలుపు డబ్బాలకెల్లి వచ్చింది

"ఒక్క డీఎన్‌ఏ టెస్ట్ చేపిస్తే కతం గదా, గింత లొల్లి ఎందుకు?" కార్తీకదీపం సీరియల్ నడిచినన్ని రోజులు మన పోరగాళ్లు ఫోన్లల్ల మస్తుగ తిప్పిన ముచ్చట ఇది. నవ్వుకుందామని అడిగిండ్రు గని, ప్రశ్న మాత్రం గట్టిది. హీరో డాక్టరు, విలన్ డాక్టరు, యాడ సూసినా దవాఖాన్లే. అయినా ఆ పరీక్ష ఏండ్లకేండ్లు జరగలె. ఎందుకు జరగలేదో పట్టుకుంటే, టీవీ సీరియల్ అనే యవ్వారం ఎట్ల నడుస్తదో తెలుస్తది.

సూడనోళ్ల కోసం ముందు కథ చెప్త. స్టార్ మాల 2017 అక్టోబర్ 16న షురువై, 2023 జనవరి 23న ఆగింది. మొత్తం 1569 ఎపిసోడ్లు. ప్రకటనలు తీసేసి ఒక్కోటి ఇర్వై నిమిషాల లెక్కన పట్టినా, తిండీ నిద్రా లేకుండ సూస్తె 21 రోజులు దాటుతది. దీప నల్లగుంటది. డాక్టర్ కార్తీక్ ఇష్టపడి ఆమెను చేసుకుంటడు. అత్త సౌందర్యకు నలుపంటేనే గిట్టదు. కార్తీక్ మీద కన్నేసిన మోనిత, నీకు పిల్లలు పుట్టరని ఆయనను నమ్మిస్తది. ఇగ దీప కడుపుతోని ఉందనంగనే మొగనికి అనుమానం. ఆమె ఇల్లిడిసి పోతది. కవల ఆడపిల్లలు పుడ్తరు. అత్త ఒక బిడ్డను దీపకు తెల్వకుండ తెచ్చి కొడుకు దగ్గర పెంచుతది. ఇంకో బిడ్డను సంకనేసుకొని దీప బస్తీల వంటలు చేసి బతుకుతది. గట్ల ఆమె వంటలక్క అయింది, ఆయన డాక్టర్ బాబు అయిండు.

ఈ కథను మా దిక్కు ఆడోళ్లు గట్టిగ పట్టుకున్నరంటే నాకు వింత అనిపియ్యలె. మొగడు అనుమానపడి ఇడిసిపెడితే, నాలుగిండ్లల్ల పని చేసుకుంట పిల్లను సాదుకునే ఆడమనిషి ప్రతి వాడకట్టుల ఉంది. ఆమె కథ పెద్ద తెర మీదికి ఎప్పుడో ఒకసారి గని రాదు. ఘట్‌కేసర్ల సంఘం మీటింగు పెట్టి, ఆడోళ్లు రావాల్నంటే ఏడున్నర లోపల ముగియాలె అనేది మాకు రాయని రూలు. అది వాళ్ల తెలివితక్కువతనం అని ఎక్కిరించేటోళ్లతోని నాకు పడదు. 2020 సెప్టెంబర్‌ల ఐపీఎల్ మ్యాచులు సుత ఏడున్నరకే మొదలైతే, రిమోట్ కాడ ఇండ్లల్ల ఎంత పంచాయితి అయిందో మీకే ఎరుక. మ్యాచ్ సూసుడు తెలివి, సీరియల్ సూసుడు పిచ్చి అని ఎవరు జెప్పిండ్రు?

గని తమ్ముండ్లు, చెల్లెండ్లు, ఈ కథ మన బస్తీలకెల్లి పుట్టలె. మలయాళంల ఏషియానెట్ చానల్‌ల 2014ల మొదలైన 'కరుత్తముత్తు' దీనికి మూలం. ఏషియానెట్ స్టార్ గ్రూపుది. 2015ల మన మా టీవీని గూడ స్టార్ కొన్నది. ఒకే మాలకు అన్ని భాషలల్ల అంగళ్లు ఉన్నంక సరుకు తిప్పుడు సులువు గదా. కన్నడల 'ముద్దులక్ష్మి', తమిళంల 'భారతి కన్నమ్మ', మరాఠీల 'రంగ్ మాఝా వేగ్ళా', హిందీల 'కార్తీక్ పూర్ణిమ'. అన్నిట్ల గదే నల్ల పిల్ల, గదే అనుమానం, గదే డాక్టర్. మన కడుపుల బాధ అనుకొని మనం ఏడ్చింది, ఆరు భాషలల్ల అచ్చు గుద్దిన బాధ. తప్పని అంటలేను. ఆరు భాషలల్ల అమ్ముడుపోయిందంటే ఆరు జాగలల్ల నలుపంటే చిన్నచూపు ఉన్నదనే గదా అర్థం.

ఇగ అసలు సంగతి. దీపగ చేసిన ప్రేమి విశ్వనాథ్ కేరళ నటి. మలయాళంల గూడ మొదట ఆమెనే చేసింది, నడుమ మారిండ్రు. ఆమె నల్లగుండదు. రోజూ మేకప్ గదిల కూసోబెట్టి, మొఖానికీ చేతులకూ రంగు పూసి నల్లగ చేసిండ్రు. అంటే, నలుపును చీదరించుకోవద్దు అని చెప్పే కథల నల్ల పిల్లకు వేషం దొరకలె! ఆమె నటన మీద నాకు రంది లేదు, కష్టపడ్డది, జనం గుండెల కూసున్నది. నా కోపం ఎంచుకున్నోళ్ల మీద. ఎండల వంగి నాటేసే పిల్లలు, ఉప్పల్ చౌరస్తాల బస్సు కోసం నిలబడే పిల్లలు, వీళ్లల్ల నటన వచ్చినోళ్లే లేరా? నలుపు మీద సానుభూతి కావాలె గని, నలుపు మొఖం మాత్రం రోజూ ఇర్వై నిమిషాలు తెర మీద వద్దు. రంగైతే సాయంత్రం కడిగేస్తే పోతది. మన చెల్లెండ్లకు గట్ల పోదు. పెండ్లిసూపులల్ల పిల్ల జెర చామనఛాయ అనంగనే కట్నం లెక్క ఎట్ల మారుతదో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇంకో తమాషా సూడుండ్రి. ఇంగ్లీషుల సీరియళ్లను 'సోప్ ఒపేరా' అంటరు. సోప్ అంటే సబ్బే. 1930లల్ల అమెరికా రేడియోల మధ్యాహ్నం పూట ఇండ్లల్ల ఉండే ఆడోళ్ల కోసం రోజువారీ కథలు వచ్చేటివి. పైసలు పెట్టింది ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ లాంటి సబ్బుల కంపెనీలు. మన దేశంల 1984ల దూరదర్శన్‌ల వచ్చిన 'హమ్ లోగ్' వెనుక మ్యాగీ ఉన్నది. ఇయ్యాల టీవీ ప్రకటనలకు ఎక్కువ పైసలు పెట్టేటోళ్లల్ల ముందు వరుసల ఉండేది హిందుస్తాన్ యూనిలీవర్. ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్లదే. 2020ల పేరుల నుంచి 'ఫెయిర్' తీసి 'గ్లో' పెట్టిండ్రు. సీరియళ్ల నడుమ తెల్లవడే క్రీముల ప్రకటనలు మనం సూడనియి కావు. కథ నలుపు మంచిదే అంటది, బ్రేక్ వచ్చి పూసుకో అంటది.

మల్ల డీఎన్‌ఏ కాడికి వద్దాం. ఎంతమంది సూస్తున్నరో లెక్కబెట్టే బార్క్ అనే సంస్థ ఉన్నది. దేశంల దాదాపు 21 కోట్ల టీవీ ఇండ్లున్నయని 2020ల అదే చెప్పింది. మీటర్లు పెట్టింది మాత్రం 50 వేల పైచిలుకు ఇండ్లల్ల. అంటే ఒక్క మీటరు ఇల్లు దగ్గర దగ్గర నాలుగు వేల ఇండ్ల తరఫున మాట్లాడుతది. అంతకుముందు ఊర్లను అసలు లెక్కలకే తీసుకోకపోయేది. 2015 అక్టోబర్ నుంచే పల్లెల లెక్క గూడ కలిపిండ్రు. అంటే ఈ సీరియల్ షురువయ్యే నాటికి మన ఊరి అవ్వ సూసే సూపుకు గూడ ధర కట్టుడు మొదలై రెండేండ్లు అయింది.

ఆ లెక్క ప్రతి గురువారం వస్తది. ఎంత ఎక్కువ వస్తే పది సెకన్ల ప్రకటనకు అంత ఎక్కువ ధర. సీరియల్‌ను నవల లెక్క ముందే రాసి పెట్టరు. ఎనుకముందు కొన్ని రోజుల ఎపిసోడ్లే చేతుల ఉంటయి. గురువారం అంకె సూసి వచ్చే వారం మలుపు తిప్పుతరు. జనం అనుమానం కాడ కూసున్నరు, అంకె మంచిగొస్తున్నది. అటువంటప్పుడు టెస్ట్ చేపిచ్చి నిజం బయటపెట్టేది ఎవరు? డాక్టర్ బాబుకు తెలివి లేక కాదు, ఆ పరీక్ష అయితే దుకాణం మూతపడ్తది. ఈ మోసంల దెబ్బతిన్నది మాత్రం దీప రంగు ముచ్చటే. కథ నలుపు కాడ షురువై, సాగుకుంట సాగుకుంట పోయి, ఆడది పతివ్రతేనా అనే కాడ ఇరుక్కున్నది. రోజూ ఆమెనే రుజువు చేసుకోవాలె. నమ్మని మొగన్ని ఎవరూ బోనుల నిలబెట్టలె.

అంకె దేవునికంటే పెద్దదని 2022ల తెలిసింది. దీపనూ కార్తీక్‌నూ ప్రమాదంల చంపి, పిల్లలు పెద్దయినట్టు చూపెట్టి, కొత్త నటులతోని కథ నడిపిండ్రు. జనం మనసు అటు పోలె. గదే ఏడాది చచ్చినోళ్లను మల్ల లేపుకొచ్చిండ్రు, ఆయనకు గతం గుర్తులేదన్నరు. అయినా కొన్ని నెలల్లనే కతం అయింది. 2024 మార్చి 25న అదే జంటతోని, వేరే కథతోని రెండో భాగం మొదలువెట్టిండ్రు.

ఇగ మన భాష సంగతి. సీరియళ్లు తీసేది ఎక్కువగ హైదరాబాద్ చుట్టుపక్కలనే. మాకు దగ్గర్ల నాచారంల రామానాయుడు స్టూడియో ఉన్నది. ఘట్‌కేసర్ కెల్లి ఉప్పల్ బస్సెక్కి నాచారం దిగేటోళ్లల్ల కంపెనీలకు పోయేటోళ్లే కాదు, షూటింగులల్ల లైట్లు మోసేటోళ్లు, గుంపుల నిలబడేటోళ్లు గూడ ఉంటరు. గని తీసిన సీరియల్‌ల మాత్రం ఇక్కడి మాట యాడ వినవడ్తది? పనామె నోట్ల, ఆటో డ్రైవర్ నోట్ల, నవ్వించేటోని నోట్ల. హీరోయిన్లు సానామంది కర్ణాటక, కేరళ నుంచి వస్తరు, గొంతు ఇంకొకరు అరువిస్తరు, ఆ గొంతు గూడ మన యాసల మాట్లాడదు. వేరే రాష్ట్రమోళ్లు రావద్దని నేను అనను, కూలి చేసుకునేటోళ్లు యాడికెల్లయినా రావొచ్చు. నేనడిగేది ఇక్కడి పిల్లకు తలుపు ఎందుకు తెరవరు అని. బస్తీ సీన్ల వెనక నిలబడే జనం మాత్రం ఇక్కడోళ్లే, రోజు కూలికి వచ్చినోళ్లే. వాళ్ల మొఖాలకు నల్ల రంగు పుయ్యాల్సిన పని పడదు.