ఊపిరి పీల్చే కోటలు

మోటారు స్విచ్ వేయగానే నేల మీద మడతలు పడి ఉన్న ప్లాస్టిక్ గుట్టలో ఎక్కడో కదలిక మొదలవుతుంది. ఒక బురుజు లేస్తుంది, వంగుతుంది, మళ్లీ లేస్తుంది. కాసేపటికి ఎరుపు, పసుపు రంగుల కోట నిలబడుతుంది. అప్పటికే చెప్పులు విడిచేసిన పిల్లలు వరస కట్టి ఉంటారు. హైదరాబాద్‌లో పుట్టినరోజైనా, పెళ్లి లాన్ అయినా పిల్లలు ముందు వెతికేది ఈ ‘మిక్కీమౌస్ జంపింగ్’నే.

అందులో గాలి నిలవ ఉండదు. కుట్ల సందుల్లోంచి పోతూనే ఉంటుంది, మోటారు నింపుతూనే ఉంటుంది. పోయే గాలికి సరిపడా కొత్త గాలి వస్తున్నంతసేపే అది కోట. 1958లో అమెరికాలోని లూసియానాలో జాన్ స్కర్లాక్ అనే ఇంజినీరు టెన్నిస్ కోర్టుల మీద కప్పడానికి గాలి గుడారం తయారుచేస్తుంటే, పనివాళ్లు దానిమీదెక్కి గంతులేశారట. ఆట అలా పుట్టింది.

పాతబస్తీలోని దేవిడీల, అంటే ప్రభువుల పాత భవంతుల గోడలూ ఊపిరి పీల్చేవే. డంగు సున్నం పూత వానకు చెమ్మ పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. మరమ్మతు పేరుతో దానిమీద సిమెంటు మెత్తితే ఆ చెమ్మ బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు పేరుకుంటుంది, సున్నం పొడిపొడిగా రాలుతుంది. పగుల్లో ఒక్క రావి మొక్క మొలిస్తే మిగతా పని అది చూసుకుంటుంది. వందేళ్ల వానలకు తట్టుకున్న గోడను మనం బాగుచేద్దామని పూసిన పూతే తినేయడం నాకు అన్నిటికన్నా బాధ.

హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ సంగతే తీసుకోండి. అది ‘పైగా’ వంశ ప్రభువుల నివాసం. ముందువైపు యూరప్ పద్ధతిలో ఎత్తయిన స్తంభాల వరస. షాండ్లియర్లు వెలిగిన ఆ ఇల్లు దశాబ్దాలపాటు ఆలనాపాలనా లేక శిథిలమవుతూ వచ్చింది. ఎదుటి మైదానం మాత్రం బోసిపోలేదు. గల్లీ పిల్లల క్రికెట్ అక్కడే. ఆ పిల్లలే భవనానికి బెడద అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రోజూ నలుగురు తిరిగే చోట ఒక దూలం మాయమైతే, ఏమైందని ఎవరో ఒకరు అడుగుతారు. తాళం పడిన ఇంట్లో అడిగేవాళ్లుండరు.

నగరంలోని పాత భవనాలన్నిటి గతీ ఒకటి కాదు. 1845 నాటి మాల్వాలా ప్యాలెస్‌ను 2000లో కూల్చేశారు. ఎర్రమంజిల్‌ ప్యాలెస్ స్థానంలో కొత్త అసెంబ్లీ కట్టాలని 2019లో ప్రభుత్వం నిర్ణయిస్తే జనం కోర్టుకెక్కారు. ఆ సెప్టెంబరులోనే హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. శ్రద్ధగా బాగుచేసిన చౌమహల్లా ప్యాలెస్‌కు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది, ఇప్పుడు అక్కడ సందర్శకుల సందడే.

మిగిలిన దేవిడీల ప్రాంగణాలనూ ఆదివారాలు పిల్లలకు తెరవాలి. గాలికోటనూ రానివ్వాలి. బండలు పరిచిన చోట మేకులు దిగ్గొట్టకూడదు, నాలుగు వైపులా తగినంత బరువు కట్టాలి. పెచ్చులూడే పిట్టగోడలకు బాగా దూరంగా నిలపాలి. గాలి వేగం గంటకు 38 కిలోమీటర్లు దాటితే పిల్లల్ని దింపేయాలని బ్రిటన్‌లో నియమం, ఇక్కడా అదే పాటించాలి. అలా దించిన పిల్లల్ని ఆ కాసేపూ ఏ పెద్దమనిషైనా స్తంభాల దగ్గరికి తీసుకెళ్లి, చేత్తో ఆ సున్నాన్ని తాకి చూడనివ్వాలి.