మెరకేదో పల్లమేదో మ్యాపుకెవరు చెప్పాలి?

మంగినపూడి ఎప్పుడైనా వెళ్లారా? బందరుకి పదకొండు కిలోమీటర్లు. ఇసుకకి బదులు నల్లమట్టి ఉండే తీరం. కార్తీక పౌర్ణమికి స్నానాలకొచ్చే జనంతో దారంతా కిటకిటలాడిపోతుంది. 2004 డిసెంబరు 26 కూడా పౌర్ణమే, పైగా ఆదివారం. ఆ పొద్దున నీళ్లలో ఉన్నవాళ్ల మీదికి సునామీ వచ్చి పడింది.

ఈసారి వెళ్లినప్పుడు సముద్రానికి వీపు పెట్టి ఓసారి ఊళ్ల వైపు చూడండి. కొండ లేదు, గుట్ట లేదు. తాటిచెట్లు, చేలు, రొయ్యల చెరువులు. నీళ్లు తరుముకొస్తే ఎక్కడికెక్కాలి?

ఈ ప్రశ్న బందరుకి కొత్త కాదు. 1864 నవంబరులో ఒక్క రాత్రి వచ్చిన ఉప్పెనకి ఈ పట్టణంలోను, చుట్టుపక్కలా దాదాపు ముప్ఫై వేలమంది పోయారంటారు. 1977 నవంబరు 19, శనివారం నాటి దివిసీమ ఉప్పెన సంగతి మన అమ్మలు, అత్తలు ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. దాదాపు అయిదు మీటర్ల ఎత్తున లేచిన నీరు మైళ్ల కొద్దీ లోపలికొచ్చింది. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు పదివేలు. ఆ తర్వాతే తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టడం ఊపందుకుంది. 1990 మేలో అంతటి తుపానే మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అయితే ఈసారి ముందుగానే లక్షలమందిని తరలించారు. మృతులు వెయ్యి లోపే.

మరి షెల్టరు ఎక్కడ కట్టాలి? స్థలం దొరికిన చోట కట్టేస్తే సరిపోదుగా! ఇక్కడే కంప్యూటరు పనికొస్తుంది. భౌగోళిక సమాచార వ్యవస్థ, పొట్టిగా జీఐఎస్ అంటారు. పేరు చూసి బెదిరిపోకండి. చీర మీద ఎంబ్రాయిడరీ కోసం ట్రేసింగు పేపరు వాడతాం కదా, అదే పద్ధతి. ఒక కాగితం మీద ఊళ్లు, ఇళ్లు. ఇంకోదాని మీద రోడ్లు. మరోదాని మీద కాలువలు, డ్రెయిన్లు. ఇంకొకటి నేల ఎత్తు. మరొకటి ఉప్పెన నీరు ఎంతవరకూ రావచ్చో చూపేది. అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి వెలుతురుకి పట్టుకుంటే, నీరు మునగని, రోడ్డున్న, జనానికి దగ్గరైన జాగాలేవో తేలతాయి. చేత్తో చేస్తే నెలలు పట్టే ఈ పనిని కంప్యూటరు ఇట్టే చేసిపెడుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం అంతటికీ ముప్పు మ్యాపులు తయారు చేసింది కూడా. 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు నివారణ ప్రాజెక్టు తొలి విడతలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి. అందులో షెల్టర్లతో పాటు వాటికి వెళ్లే రోడ్లు, వంతెనలు, ఉప్పునీటి కట్టలు కూడా చేర్చారు. దారి లేని షెల్టరు ఎవరికి కావాలి!

అయితే మ్యాపు చెప్పిందల్లా వేదం కాదు సుమా. ఎత్తు సంగతే చూడండి. ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే ఎత్తుల పటం 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడారుతో తీసింది. ఆ రాడారుకి గుబురుగా ఉన్న తోపు కూడా ఎత్తయిన నేలలాగే కనిపిస్తుంది. కొన్ని మీటర్ల తేడా మామూలే. కొండ ప్రాంతాల్లో అది లెక్కలోకి రాదు. కానీ సముద్రం కంటే రెండు మూడు మీటర్లే ఎత్తుండే మన ఊళ్లలో అంత తేడా వస్తే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే విమానం నుంచి లేజరు కిరణాలతో నేలను కొలవడం మొదలుపెట్టారు.

ఇక దూరం. మ్యాపు మీద షెల్టరు చుట్టూ కిలోమీటరు వలయం గీసేసి, లోపలున్న ఇళ్లన్నీ దగ్గరే అనేయడం తేలిక. మధ్యలో ఒక డ్రెయిను ఉందనుకోండి. వంతెన దాకా చుట్టు తిరిగి వెళ్తే ఆ కిలోమీటరే రెండున్నర అవుతుంది. చంకన పిల్ల, చేతిలో మూట, వెనక ముసలి అత్తగారు, ఎదురుగాలి... ఎంతసేపు పడుతుందో మీరే చెప్పండి. రోడ్ల వెంబడి దూరం కొలవడం సాఫ్ట్‌వేరుకి వచ్చు. కాకపోతే ఆ డ్రెయిను మీది తాటిదుంగ నవంబరులో కొట్టుకుపోతుందని దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ఎవరు చెప్పాలంటే, ఆడవాళ్లే అంటాను నేను. ఊళ్లో ఏ ఇల్లు మెరక, ఏది పల్లం, ఏ వీధిలో వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, మంచినీటి కుళాయి ఎక్కడ, నిండు గర్భిణి ఏ ఇంట్లో ఉంది, ఇవన్నీ వాళ్లకి కంఠతా వచ్చు. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌ను ముంచిన తుపానులో లక్షా ముప్ఫై వేలకు పైగా చనిపోయారు. వారిలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. ఇంట్లో మగవాళ్లు వచ్చేదాకా కదలకపోవడం, పిల్లల్ని వదల్లేకపోవడం, పరాయి మగవాళ్లతో కిక్కిరిసిన చోటికి వెళ్లడానికి సంకోచించడం, కాళ్లకి చుట్టుకునే చీర... ఇలాంటి కారణాలే తేలాయి. ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్డి, తలుపుకి గడియ లేని షెల్టరు ఇంటి పక్కనే ఉన్నా దూరమే. గేదెను ఎక్కడ కట్టేయాలో తెలియక ఇంట్లోనే ఉండిపోయే ఇల్లాలికీ అంతే. ఆ గేదె పాలతోనే కదా ఇల్లు నడిచేది!

ఇవన్నీ మ్యాపుకెక్కించదగ్గ విషయాలే. ఖర్చు కూడా లేదు. 2002లో మొదలైన క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మన ఇస్రో 2009లో ‘భువన్’ తెచ్చింది. ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉంటే నాలుగు రోజుల్లో పట్టేస్తుంది. ముందుగా మాత్రం కంప్యూటరు అక్కర్లేదు. డ్వాక్రా సమావేశం అయ్యాక ఓ సాయంత్రం పదిమంది కలిసి, పిల్లల్ని చంకనేసుకుని, వీధి చివరి ఇంటి నుంచి షెల్టరు దాకా నడవండి. గడియారం చూసుకోండి. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎక్కడ ఆగాల్సొచ్చింది, ఎక్కడ దీపం లేదు అన్నది కాగితం మీద గీసి పంచాయతీలో ఇవ్వండి.

అన్నట్టు, షెల్టరు తాళంచెవి ఎవరింట్లో ఉంటుందో కూడా అందులో గుర్తు పెట్టడం మరిచిపోకండి.