ఆచారం పేరిట వివక్ష: బాధితులకు చట్టం చూపే దారి

వివక్ష అన్నివేళలా దూషణ రూపంలోనే ఎదురు కాదు. ఒక్కోసారి అది ప్రభుత్వ నిబంధనల్లోనే అచ్చయి ఉంటుంది. వంటపని ఒక కులం ఖైదీలకు, మరుగుదొడ్లు శుభ్రపరిచే పని మరో కులం వారికి అప్పగించాలనే నియమాలు కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో స్వాతంత్ర్యం వచ్చిన ఏడు దశాబ్దాల తర్వాత కూడా కొనసాగాయి. ఒక పాత్రికేయురాలి పిటిషన్‌పై 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం కాలమ్‌ను తొలగించాలని ఆదేశించింది.

గ్రామాల్లో ఇటువంటి నియమాలు కాగితంపై ఉండవు. టీ కొట్టులో వేరే గ్లాసు, గుడి గుమ్మం వద్ద అడ్డగింత, ఉమ్మడి బావి వద్ద ఆంక్షలు, ఎదురు తిరిగిన కుటుంబానికి పని ఇవ్వరాదన్న కట్టుబాటు - అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "మొదటి నుంచీ ఇంతే". చట్టం దృష్టిలో ఇవన్నీ నేరాలే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కారంచేడు ఘోరం జరిగిన నాలుగేళ్లకు, 1989లో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను 2015 నాటి సవరణ నేరాల జాబితాలో చేర్చింది.

కులం పేరుతో జరిగిన అవమానం ఈ చట్టం కిందకు రావాలంటే అది నలుగురి కంటబడే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాటకు ఇది వర్తించదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక తేదీ, స్థలం, అన్న మాటలు, చూసినవారి పేర్లు వెంటనే రాసి ఉంచుకోవడం అవసరం.

ఎఫ్.ఐ.ఆర్. నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణ పేర్కొంది. నోటి మాటగా చేసిన ఫిర్యాదును పోలీసులు రాసుకుని, చదివి వినిపించి, ప్రతిని ఇవ్వాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేపట్టాలి. స్టేషన్‌లో నిరాకరిస్తే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి తపాలాలో పంపవచ్చు. అక్కడా ఫలితం లేకుంటే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. విధిని ఉద్దేశపూర్వకంగా విస్మరించిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలుశిక్ష పడే వీలుంది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదన్న బెంగ అక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. దీనికి 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అత్యాచారాలపై ఫిర్యాదులకు 14566 నంబరు 2021 డిసెంబరులో ప్రారంభమైంది.

ఫిర్యాదు చేస్తే రేపు కూలి దొరకదన్న భయం నిజమైనదే. అందుకే ఆ కూలిని ఆపడాన్నీ చట్టం నేరంగానే చూస్తోంది. ఠాణా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఎఫ్.ఐ.ఆర్. ప్రతి చేతిలో ఉందో లేదో చూసుకోవడం బాధితులు తీసుకోవలసిన మొదటి జాగ్రత్త.