పెంపుడు పాముపిల్ల ఎందుకు తిరగబడును?

పాము అను మాట వినినంతనే మన మనస్సున మెదలునది భయము, లేదా భక్తి. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోయు చేతులే, మరునాడు పెరటిలో జెర్రిపోతు కనబడినచో కర్రను అందుకొనుచున్నవి. భయమునకును భక్తికిని నడుమ మూడవ మార్గమొకటి కలదు. అది తెలిసికొను మార్గము. పాము ఏమి చూచును, ఏమి వినును, దేనికి బెదరును అను విషయములు తెలిసినవాడు దానిని పూజింపనక్కరలేదు, చంపనక్కరలేదు.

అమెరికా, ఇంగ్లండు మొదలగు దేశములలో కొందరు కుక్కలను, పిల్లులను పెంచినట్లే విషములేని పాములను గాజుపెట్టెలలో పెంచుచుందురు. అట్లు పెంచు పాములలో మిక్కిలి ప్రసిద్ధమైనది కార్న్ స్నేక్, అనగా మొక్కజొన్న పాము. అక్కడి పాఠశాలలలో కొన్నింట సైన్సు తరగతి గదిలోనే దీనిని ఉంచుట కలదు. ఆ దేశములలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలకును దీని పరిచయము కలుగుచున్నది.

ఇట్టి పాముపిల్లను తెచ్చుకొన్నవారికి తరచుగా ఎదురగు చిక్కు ఒకటి. కొన్ని నెలలపాటు చేతిపై మెల్లగా ప్రాకుచు, ఎవరిని ఏమియు అనని పాముపిల్ల, ఒకనాడు పెట్టె మూత తీయగనే మెడను వంకీవలె వెనుకకు తీసి, తోకను గిలగిల కొట్టుకొని, చేతిమీదికి ఎగిరి కాటు వేయును. పిల్లవాడు జడిసిపోవును. తల్లిదండ్రులు "చూచితివా, పాము పామే" అందురు. అటుపిమ్మట కొందరు పెట్టె మూత తీయుటయే మానుదురు. నీరు మారదు, తిండి అందదు. మరికొందరు దానిని తీసికొనిపోయి ఏదో తోటలో విడిచివత్తురు. పెట్టెలో పుట్టి పెరిగిన ప్రాణి అక్కడ చలికో, ఆకలికో, పక్షులకో బలియగును. ఒక్క కాటు వలన ఒక ప్రాణము పోవుచున్నది గనుక, ఆ కాటు వెనుక గల కారణమును తెలిసికొనుట అవసరము.

ఈ పాము ఎట్టిది?

మొక్కజొన్న పాము అమెరికా ఆగ్నేయ రాష్ట్రములకు చెందినది. దీని శాస్త్రీయ నామము పాంథెరోఫిస్ గుట్టేటస్. 1766లో లిన్నేయస్ దీనిని వర్ణించి గుట్టేటస్ అను పేరు పెట్టెను. ఆ మాటకు చుక్కలు గలది అని అర్థము. మన జెర్రిపోతువలె ఇదియు కొలుబ్రిడే అను కుటుంబమునకు చెందినది. దానివలెనే ఎలుకలను తినును. విషము లేదు. ఎరను చుట్టివేసి, ఊపిరాడక, రక్తము ప్రసరింపక చచ్చునట్లు బిగించును. గుడ్డు నుండి వెలువడునపుడు ఇది ఇంచుమించు 20 నుండి 30 సెంటీమీటర్ల పొడవుండును. పెన్సిలు కంటె లావుండదు. పెరిగిన పాము మూడు నుండి అయిదు అడుగులు ఉండును. మంచి పోషణలో 15, 20 సంవత్సరములు జీవించును. పాముపిల్లను కొనువాడు తన చదువు, ఉద్యోగము, వివాహము అన్నియు గడచువరకు దానిని పోషింపవలసియుండునని ముందుగనే ఎరుగవలెను.

పిల్లపాము ప్రపంచము

పెన్సిలంత ప్రాణికి ప్రపంచమంతయు శత్రుమయము. అడవిలో పక్షులు, పెద్ద పాములు, రకూన్ వంటి జంతువులు దానిని తినుటకు వెదకుచుండును. కనుక పెద్ద పాము ఊరకొనునట్టి సందర్భమున సైతము పిల్లపాము ఎదిరించుట సహజము. పై నుండి దిగివచ్చు మానవ హస్తము దాని దృష్టిలో గ్రద్ద కాలివంటిది. తోకను ఎండుటాకులలో కొట్టి శబ్దము చేయుట, శరీరమును వంకీగా ముడుచుట, బుసకొట్టుట, తుదకు కాటు వేయుట, ఇవి వరుసగా అది మనకిచ్చు హెచ్చరికలు. దీనిని కోపమనుట సరికాదు. ఇది భయము యొక్క భాష.

పాముకు కనురెప్పలు లేవు. కన్నులపై పారదర్శకమైన పొలుసు ఒకటి కప్పియుండును. బయటికి కనబడు చెవులును లేవు. నేలలోని కదలికలు దవడ ఎముకల ద్వారా లోపలి చెవికి చేరును. చీలిన నాలుకతో గాలిలోని వాసన కణములను గ్రహించి, నోటి పైభాగమునందలి జాకబ్సన్ అవయవమునకు అందించును. అనగా వాసనయు, నేల అదురుటయు దానికి ముఖ్యమైన వార్తాహరులు. మనము గమనింపనివి దానికి పెద్ద సంఘటనలగును.

హఠాత్తుగా మారుటకు కారణములు

మొదటిది కుబుసము. ఎదుగు పాముపిల్ల కొద్ది వారములకొకసారి కుబుసము విడుచును. విడుచుటకు కొన్ని దినములు ముందు శరీరపు రంగు మాసిపోవును. కన్నులు నీలిపాలవలె మసకబారును. ఆ దినములలో దానికి సరిగా కానరాదు. చర్మము సుకుమారముగా నుండును. కనబడని వస్తువు తాకినచో ఎవరు మాత్రము ఉలికిపడరు? నిన్నటివరకు సాధువుగా నున్న పాము నేడు కాటు వేసినదనువారు ముందుగా చూడవలసినది దాని కన్నులను.

రెండవది ఆహారము. చేతికి ఎలుక వాసన అంటియున్నచో పాము చేతిని ఎరగా భావించును. ఈ కాటునకును భయపు కాటునకును భేదము కలదు. భయముచే కరచిన పాము వెంటనే వదలి వెనుకకు పోవును. ఆకలిచే కరచినది పట్టు విడువక చుట్టుకొనును. తిన్న వెంటనే చేతితో ఎత్తుటయు తప్పే. కడుపు నిండిన పాము వేగముగా పారిపోలేదు గనుక బెదరును, తిన్నదానిని కక్కివేయును. మేత వేసిన పిదప రెండు దినములు దానిని ముట్టరాదు.

మూడవది ఉష్ణము. పాము తన దేహమున వేడిని పుట్టించుకొనలేదు; పరిసరముల నుండి గ్రహించును. దీని పెట్టెలో ఒక వైపు ఇంచుమించు 28 నుండి 30 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము, మరొక వైపు 22 నుండి 24 డిగ్రీల చల్లదనము ఉండవలెను. వేడి మితిమీరినచో పాము నిలుకడ లేక తిరుగును. తగ్గినచో తిన్నది అరుగదు. వేడిపలకకు థర్మోస్టాట్ అమర్చనిచో పాము పొట్ట కాలు ప్రమాదము కూడ కలదు.

నాలుగవది స్థలము. పెట్టెను కొత్తచోట పెట్టుట, చిన్నదానినుండి ఒక్కసారిగా పెద్ద పెట్టెకు మార్చుట, దాగుటకు చోటు లేకుండుట, ప్రక్కనే రేడియో, టెలివిజను మ్రోగుట, ఇంటికి పిల్లియో కుక్కయో కొత్తగా వచ్చుట, ఇవన్నియు దానిని కలవరపెట్టును.

అయిదవది వ్యాధి. పొలుసుల సందులలో నల్లని చుక్కలవంటి పురుగులు చేరి రక్తము పీల్చుటయు, ఊపిరితిత్తులకు వ్యాధి సోకుటయు కలదు. పాము గంటల తరబడి నీటిగిన్నెలో పడియుండుట, నోరు తెరచి ఊపిరి పీల్చుట, ముక్కున బుడగలు వచ్చుట, తిండి మానుట, ఇవి దాని లక్షణములు. నొప్పితో నున్న ప్రాణి తాకనీయదు.

ఏమి చేయవలెను?

పాము బుసకొట్టినపుడు చేతిని విసురుగా లాగికొనరాదు. మెల్లగా వెనుకకు తీసికొని మూత వేయవలెను. కొట్టుట, పెట్టెను తట్టుట, తిండి మాన్పుట వంటి శిక్షలు పనికిరావు. శిక్షకును తాను చేసిన పనికిని గల సంబంధము దానికి తెలియదు. భయము మాత్రము రెట్టింపగును.

పిమ్మట ఒక వారము దానిని ఎత్తక కేవలము గమనింపవలెను. ఒక పుస్తకమున మేత వేసిన తేది, కుబుసము విడిచిన తేది, పెట్టెలోని రెండు వైపుల ఉష్ణము, పాము బరువు వ్రాసికొనవలెను. కారణము చాలవరకు ఆ పుస్తకముననే దొరకును. వెచ్చని వైపున ఒకటి, చల్లని వైపున ఒకటి చొప్పున రెండు దాగు చోట్లు అమర్చవలెను. నీరు ప్రతిదినము మార్చవలెను. కుబుసము విడుచు దినములలో తేమగా నుండు నాచు కొంత పెట్టినచో పొర సులభముగా ఊడును.

పాము ఆరోగ్యముగా తినుచు, కుబుసము విడిచి, కన్నులు తేటపడిన పిదప మరల చేతి అలవాటు ప్రారంభింపవలెను. చేతులు కడుగుకొని, పై నుండి గాక ప్రక్కనుండి చేయి చాచి, తలను పట్టక నడుమ భాగమును ఆధారముగా పట్టి ఎత్తవలెను. ముందుగా మెత్తని కాగితపు చుట్టతో మెల్లగా తాకినచో, వచ్చినది మేత కాదని దానికి తెలియును. మొదట అయిదు నిముషములు, వారమునకు రెండు మూడు పర్యాయములు చాలును. పాము శాంతముగా నున్నపుడే తిరిగి పెట్టెలో ఉంచవలెను. ఇంటికి వచ్చిన బంధువులకు ప్రదర్శించుట కొంతకాలము మానవలెను.

కరచినచో భయపడనక్కరలేదు. పిల్లపాము దంతములు సూదిమొనలవంటివి. చిన్న గీతలు పడును. సబ్బుతో, నీటితో కడిగినచో చాలును. పట్టు విడువనిచో లాగరాదు. దాని పండ్లు విరుగును. చల్లని నీరు పోసినచో వదలును. పాము శరీరముపై సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు ఉండవచ్చును గనుక ముట్టిన ప్రతిసారి చేతులు కడుగుకొనవలెను. అయిదేండ్లలోపు పిల్లలను దూరముగా ఉంచవలెను. వ్యాధి లక్షణములు కనబడినచో సరీసృపములను ఎరిగిన పశువైద్యుని చూపవలెను.

ఈ అలవాటు నిజముగా కలుగునా అని సందేహము రావచ్చును. గోర్డన్ బర్గార్ట్, హెరాల్డ్ హెర్జోగ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1980 దశకమున గార్టర్ పాము పిల్లలపై పరిశోధనలు చేసిరి. హాని లేని బెదరింపు మాటిమాటికి ఎదురైనపుడు పిల్లల ప్రతిఘటన క్రమముగా తగ్గుననియు, పిల్లపిల్లకు స్వభావములో భేదముండుననియు వారు కనుగొనిరి. పాము మనలను ప్రేమించునని కాదు. మనవలన హాని లేదని నేర్చుకొనును. కొన్ని త్వరగా నేర్చును, కొన్నింటికి నెలలు పట్టును. అంతే భేదము.

మన దేశమున

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పై మాటలన్నియు విషము లేని ఒక విదేశీ పామును గూర్చినవి. మన దేశపు పాములను పట్టి ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. అంతేగాక నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర పిల్లలకు పుట్టుకతోనే విషముండును. విషము లేని పాములలో కట్లపామును పోలినవి కలవు. వానిని వేరుపరచుట సామాన్యులకు సాధ్యము కాదు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటు వలన ఇంచుమించు 12 లక్షలమంది మరణించిరని 2020లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము అంచనా వేసినది. మృతులలో అధికులు పల్లెవాసులు.

అయినను మొక్కజొన్న పాము నేర్పిన పాఠము ఇక్కడను ఉపయోగించును. పాము బుసయు, పడగయు యుద్ధ ప్రకటనలు కావు. "దూరముగా పొమ్ము" అను విన్నపములు. ఆ విన్నపమును విని నాలుగడుగులు వెనుకకు వేసినవాడు బ్రతుకును, పామును బ్రతుకును. కర్ర ఎత్తినవాడు కాటు తినవచ్చును. కరచినచో మంత్రములకు, కట్లకు, కోతలకు కాలము వ్యర్థము చేయక, కరచిన అవయవమును కదలింపక, వెంటనే విషవిరుగుడు మందు గల ఆసుపత్రికి పోవలెను.

ఉర్దూలో అమానత్ అను చక్కని మాట కలదు. మనకు అప్పగింపబడి, మనము జవాబు చెప్పుకొనవలసిన సొత్తు అని దాని భావము. ఒక పిల్లిని బంధించి, తిండి పెట్టక, స్వయముగా వెదకికొననీయక చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైనదని హదీసులు తెలుపుచున్నవి. పెట్టెలో మూసి పెంచు ప్రాణి తన మేతను, నీటిని, వెచ్చదనమును తాను వెదకికొనలేదు. అన్నింటికి మన చేతినే చూచుచుండును. ఒకనాడు ఆ చేతినే కరచినంతమాత్రమున మన బాధ్యత తీరిపోదు. కరచిన దినముననే దాని కన్నులను, పెట్టెను, మేతను పరిశీలింపవలసిన పని మనపై పడును.

కుక్కవలె తోక ఊపలేని, పిల్లివలె అరువలేని ప్రాణి ఇది. తన బాధను చెప్పుకొనుటకు దానికున్నవి ఒక బుస, ఒక కాటు. వానిని శత్రుత్వముగా గాక సమాచారముగా గ్రహించుట విద్యార్థి నేర్వదగిన విద్య.