పాట ఆగినా ఆంప్లిఫయర్ ఆగలేదా?

రాత్రి వాకిట్లో ఆపిన కారు తెల్లారి స్టార్టు కాదు. నలుగురూ చేరి తోస్తే గాని కదలదు. బ్యాటరీ పాడైందని కొత్తది కొంటారు. మళ్లీ అదే కథ. వీధిలో ఉన్నది ఆ ఒక్క కారే అయితే, అర్ధరాత్రి పురిటి నొప్పులొచ్చిన ఇంటి గతేమిటి?

పాటల కోసం ఆంప్లిఫయర్ పెట్టించిన కార్లలో ఈ తంటా తరచు సన్నని తీగతోనే. ఆంప్లిఫయర్‌కు కరెంటు తీగలు మూడు. లావుపాటివి రెండు: ఒకటి బ్యాటరీ ప్లస్ నుంచి, రెండోది బాడీకి బిగించే ఎర్తు. మూడోది సన్నని రిమోట్ తీగ. స్టీరియో వెనుక ఇది సాధారణంగా నీలం మీద తెల్లచారతో ఉంటుంది. స్టీరియో వేయగానే ఇందులో సుమారు 12 వోల్టులు వచ్చి ఆంప్లిఫయర్‌ను లేపుతుంది. స్టీరియో ఆపితే అదీ ఆగుతుంది. ఆ తీగను నేరుగా బ్యాటరీకి కలిపితే, పాట ఆగినా ఆంప్లిఫయర్ రాత్రంతా కరెంటు తాగుతూనే ఉంటుంది.

పరీక్ష తేలికే. మీటరు నల్ల కొన బాడీ ఇనుముకు, ఎర్ర కొన ఆంప్లిఫయర్ రిమోట్ బిందువుకు పెట్టాలి. స్టీరియో వేస్తే 12, ఆపితే సున్నా చూపాలి. ఆపినా 12 ఉంటే తీగ తప్పుచోట కలిపినట్టే. వేసినా సున్నా ఉంటే తీగ తెగిందో, వదులైందో చూడాలి. 12 వచ్చినా ఆంప్లిఫయర్ లేవకపోతే బ్యాటరీ దగ్గరి ఫ్యూజు, ఎర్తు బోల్టు చూడాలి. బోల్టు కింద రంగు గీకి, ఇనుము తేలాక బిగించాలి.

స్టీరియోకు రిమోట్ తీగే లేకుంటే? తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకు, మధ్యలో చిన్న ఫ్యూజు వేసి కలపాలి.

కొత్త బ్యాటరీకి వేలు పోసే ముందు ఆ సన్నతీగ ఒక్కసారి చూడమని మెకానిక్‌కు చెప్పండి.